తొమ్మిదింటికి వచ్చిన రోగి ఆఖరి బస్సు అందుకోవాలంటే
వైద్యశాల నిర్వహణ: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటిని ఎంచుకున్నాను. నాలుగూ ఒడిశాలోని గజపతి, రాయగడ, గంజాం జిల్లాల్లో పనిచేస్తున్న తెలుగువారు రాసినవే. ఒకరు వైద్యులు, ఒకరు ఫార్మసిస్టు, ఒకరు వార్డు సిస్టర్, మరొకరు రిసెప్షన్‌లో కూర్చునే ఉద్యోగిని. అడిగిన సంగతులు వేరైనా, కొండ ఊళ్ళ నుంచి పొద్దున్నే బయలుదేరి వచ్చిన మనిషి చీకటి పడేలోగా ఇంటికి చేరగలడా అన్న ఆందోళన అన్నింటిలోనూ కనిపించింది. అందుకే వీటిని ఒకేచోట ప్రచురిస్తున్నాము.

ప్రశ్న: పర్లాకిమిడిలో పన్నెండు పడకల నర్సింగ్ హోమ్ నడుపుతున్నాను. ఓపీ ఉదయం తొమ్మిది నుంచి ఒకటిన్నర దాకా. రోజుకు సుమారు అరవై మంది వస్తారు, ఒక్కొక్కరికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. ఏడింటికే చీటీల కోసం జనం నిలబడతారు. ఎప్పుడు చూసినా బల్లల మీద ముప్పై మంది ఉంటారు. గుమ్మ, సెరంగో వైపు నుంచి వచ్చే సవర గిరిజనులు నాకు చూపించుకుని, రక్తపరీక్ష చేయించుకుని, ఆ కాగితం మళ్ళీ నాకు చూపించేసరికి తిరుగు బస్సు వెళ్ళిపోతోంది. మరో వైద్యుణ్ణి పెట్టుకోవాలా, లేక ఫోన్‌లో అపాయింట్‌మెంట్లు మొదలుపెట్టాలా?
— ఒక వైద్యుడు, పర్లాకిమిడి

సమాధానం: డాక్టరు గారూ, ఆ రెండింటిలో ఏదో ఒకటి తేల్చుకునే ముందు మీరిచ్చిన అంకెలనే ఒకసారి లెక్కవేసి చూద్దాం. తొమ్మిది నుంచి ఒకటిన్నర అంటే 270 నిమిషాలు. అరవై మందికి సగటున నాలుగున్నర నిమిషాల చొప్పున కావలసింది కూడా సరిగ్గా 270 నిమిషాలే. అంటే మీ ఉదయంలో ఒక్క నిమిషమైనా ఖాళీ లేదు. వార్డులో ఎవరికో ఆయాసం వచ్చిందని సిస్టర్ పిలిచి మీరు పది నిమిషాలు లేచి వెళితే, ఆ పది నిమిషాలు పూడేందుకు చోటు లేక, అప్పటి నుంచి చీటీ పట్టుకుని కూర్చున్న ప్రతి ఒక్కరి మీదా పడతాయి. బల్లల మీద ముప్పై మంది ఉన్నారంటే చివర కూర్చున్నవారు ఎంతసేపు ఆగాలో గడియారం చూడకుండానే చెప్పవచ్చు. ముప్పై మందికి నాలుగున్నర నిమిషాల చొప్పున 135 నిమిషాలు, అంటే రెండుంబావు గంటలు. వేచి ఉన్నవారి సంఖ్యకూ, గంటకు వచ్చేవారి సంఖ్యకూ, వేచి ఉండే సమయానికీ ఉన్న ఈ సంబంధాన్ని అమెరికా ఆచార్యుడు జాన్ లిటిల్ 1961లో గణితపరంగా నిరూపించారు. దీన్ని వాడుకోవడానికి కంప్యూటరు అక్కర్లేదు, బల్లల మీద ఉన్న తలలు లెక్కపెట్టగలిగితే చాలు.

ఇంకో సంగతి చాలామంది వైద్యులకు నమ్మశక్యంగా ఉండదు కనుక కొంచెం వివరంగా చెబుతాను. వైద్యుడి సమయం ఎంత నిండిపోతే రోగి నిరీక్షణ అంత పెరుగుతుందని అందరికీ తెలుసు, కానీ అది సమానంగా పెరగదు. రోగులు ఒక క్రమం లేకుండా వస్తూ, ఒక్కొక్కరికి పట్టే సమయం కూడా మారుతూ ఉండే చోట్ల వాడే సాధారణమైన లెక్క ప్రకారం, వైద్యుడి సమయం 80 శాతం నిండితే సగటు నిరీక్షణ ఒక పరీక్షకు పట్టే సమయానికి నాలుగు రెట్లు ఉంటుంది. 90 శాతం నిండితే తొమ్మిది రెట్లు, 95 శాతం నిండితే పందొమ్మిది రెట్లు. మీ నాలుగున్నర నిమిషాలతో గుణిస్తే 18 నిమిషాలు, 40 నిమిషాలు, 85 నిమిషాలు వస్తాయి. కాబట్టి మీకు కావలసింది రెట్టింపు వైద్యులు కాదు, నూటికి పదిహేను పాళ్ళ ఖాళీ. అది దొరికితే బల్లల మీద జనం సగానికి పైగా తగ్గుతారు.

ఆ ఖాళీ ఎక్కడ దొరుకుతుందో మీ రిజిస్టరే చెబుతుంది. ఒక్క వారం పాటు ప్రతి చీటీ మీద నాలుగు సమయాలు రాయించండి: లోపలికి వచ్చినది, మీ గదిలోకి వెళ్ళినది, బయటికి వచ్చినది, మందులు తీసుకుని గేటు దాటినది. వచ్చిన పని కూడా ఒక మాటలో రాయించండి. ఇలాంటి వైద్యశాలల్లో నేను చూసినంతవరకు, రోజూ వచ్చేవారిలో కొందరు కొత్త బాధతో రారు. రక్తపోటు, చక్కెర మందులు అయిపోయాయనో, కట్టు మార్పించుకోవాలనో వస్తారు. మీ అరవైలో అలాంటివారు పన్నెండు మంది ఉన్నారనుకుందాం. వారి బరువు, రక్తపోటు, చక్కెర సిస్టరే చూసి కార్డులో రాసి, మీరు ముందుగా రాసిచ్చిన హద్దులు దాటినవారిని మాత్రం పూర్తి పరీక్షకు పంపి, మిగిలినవారి కార్డులు ఒక్క నిమిషంలో మీరు చూసి సంతకం చేసేలా ఏర్పాటు చేస్తే, 48 మందికి 216 నిమిషాలు, పన్నెండు మందికి పన్నెండు, మొత్తం 228 అవుతాయి. 270లో ఇది దాదాపు 84 శాతం. మందు మోతాదు మార్చే నిర్ణయం మాత్రం ఎప్పటికీ మీదే కావాలి.

బస్సు తప్పిపోవడానికి అసలు కారణం, నా ఉద్దేశంలో, మొదటి వరుస కాదు, రెండో వరుస. మీకు చూపించుకున్నాక ల్యాబ్‌కు వెళ్ళి, ఫలితం కోసం ఆగి, మళ్ళీ మీ గది ముందు చివరన నిలబడటంతో రోగి ఒకే రోజులో రెండుసార్లు వరుస కడుతున్నాడు. చలిజ్వరంతో వచ్చినవారికి మలేరియా రాపిడ్ పరీక్ష మీరెలాగూ రాస్తారు, దాని ఫలితం ఇరవై నిమిషాల్లోపే వస్తుంది. అలాంటి బాధలు ఏవో, వాటికి ఏ పరీక్ష ముందుగా చేయాలో మీరే ఒక కాగితం మీద రాసి సంతకం చేసి సిస్టర్‌కు ఇస్తే, రోగి మీ గదిలోకి ఫలితంతోనే వస్తాడు. ఆ జాబితా పొట్టిగా ఉండాలి. అవసరం లేని పరీక్షకు పేదవాడి చేత డబ్బు కట్టించే దారి అది కాకూడదు. తప్పనిసరిగా ల్యాబ్‌కు వెళ్ళి తిరిగి వచ్చేవారికి వేరే రంగు చీటీ ఇచ్చి, ముగ్గురు కొత్తవారి తరువాత ఒక పాతవారిని పిలవమని గది ముందున్న అబ్బాయికి చెప్పండి.

ఇక అపాయింట్‌మెంట్ల సంగతి. అన్నీ ఫోన్ మీదే ఇవ్వవద్దని మనవి. ఫోన్ చేసి సమయం తీసుకునేది ఊళ్ళో ఉన్నవారు, కొండ మీది వారు కాదు. ముందు వచ్చినవారికి ముందు చీటీ అనే పద్ధతి కూడా పైకి ధర్మంగా కనిపించినా, నాలుగు వీధుల అవతల నుంచి ఏడింటికి వచ్చినవారిని ముందు ఉంచి, తెల్లవారుజామున బయలుదేరి పదింటికి బస్సు దిగినవారిని ముప్పై ఒకటో చీటీకి నెడుతుంది. బస్సులు వచ్చే వేళలు మీకు తెలుసు కాబట్టి, ఆ వేళకు పదో పన్నెండో చీటీలు ఎవరికీ ఇవ్వకుండా ఉంచండి. పట్నం వారికి చీటీ మీద గంట రాసి ఇవ్వండి, వారు ఇంటికి వెళ్ళి ఆ వేళకే వస్తారు. ఎంతెంత వ్యవధిలో పిలవాలన్నదాని మీద 1952లో ఇంగ్లండులో బెయిలీ, వెల్చ్ అనే ఇద్దరు చేసిన సూచన నేటికీ పనికొస్తుంది: మొదట ఇద్దరిని ఒకేసారి పిలిచి, ఆ తరువాత పరీక్షకు పట్టే సగటు సమయానికొకరి చొప్పున రమ్మనాలి. ఒకరు రాకపోయినా వైద్యుడు ఖాళీగా కూర్చోడు, గదిలో గుంపూ ఉండదు. మీ ఓపీకైతే అరగంటకు ఆరుగురి చొప్పున గంటలు రాస్తే సరిపోతుంది.

చివరిగా ఒక మాట, నొచ్చుకోవద్దు. రౌండ్స్ ఆలస్యమై మీరు తొమ్మిదింటికి బదులు తొమ్మిదీ ఇరవైకి కూర్చుంటే, ఆ ఇరవై నిమిషాలు అరవై మందివి కలిపి ఇరవై గంటలవుతాయి. రౌండ్స్ ఏడున్నరకు మొదలుపెట్టండి, కంపెనీ మందుల ప్రతినిధులను ఒకటిన్నర తరువాతే రమ్మనండి. ఇవన్నీ చేసి ఒక నెల తరువాత మళ్ళీ లెక్క తీయించండి. అప్పటికీ మీ సమయం 90 శాతానికి పైగా నిండుతుంటే మరో వైద్యుణ్ణి పిలవవలసిందే, అయితే మొదట సంత రోజుకు మాత్రం పిలిచి చూడండి. రిజిస్టరులో జనం ఆ రోజు ఎంత పెరుగుతారో మీకే కనిపిస్తుంది.

ప్రశ్న: రాయగడ జిల్లాలో ఒక చిన్న ఆసుపత్రి మందుల గదిని చూసుకుంటున్నాను. ఎండాకాలంలో తెప్పించినవి గడువు తీరి పారేయవలసి వస్తోంది. వానాకాలంలో సెలైన్లు, యాంటీబయాటిక్ ఇంజక్షన్లు నిండుకుంటున్నాయి. పోయిన ఏడాది పాముకాటుకు విరుగుడు చాలక ఒక పిల్లవాణ్ణి రాత్రివేళ వేరే ఊరికి పంపవలసి వచ్చింది. ఎంత నిలవ ఉంచాలో తేల్చే పద్ధతి ఏమైనా ఉందా?
— ఒక ఫార్మసిస్టు, గుణుపురం ప్రాంతం

సమాధానం: ఉంది, కానీ అన్ని మందులకూ ఒకే పద్ధతి కాదు. అలమరలో ఉన్న మందులను ముందు మూడు రకాలుగా విడదీయండి. లేకపోతే ప్రాణం పోయేవి, లేకపోతే వైద్యం కుంటుపడేవి, లేకపోయినా రెండు రోజులు ఆగగలిగేవి. దగ్గు సిరప్‌నూ, ప్రాణాపాయంలో ఇచ్చే అడ్రినలిన్‌ ఇంజక్షన్‌నూ ఒకే కన్నుతో చూడటం వల్లనే డబ్బంతా మొదటిదాని మీద పోయి రెండోది అడుగంటుతుంది.

రోజూ వాడే వాటికి లెక్క తేలిక. రోజుకు ఎంత ఖర్చవుతుందో, ఆర్డరు ఇచ్చాక సరుకు ఎన్నాళ్ళకు వస్తుందో గుణించి, ఆ మేరకు నిలవ దిగగానే కొత్త ఆర్డరు రాయాలి. పొరపాటు జరిగేది రెండో అంకె దగ్గర. బరంపురం నుంచో విశాఖపట్నం నుంచో మూడు రోజుల్లో వస్తుందని ఏడాది పొడవునా మూడే వేసుకుంటారు. వానలకు ఘాట్ రోడ్డు తెగితే అది పది రోజులవుతుంది. రోజుకు తొమ్మిది సెలైన్ సీసాలు వాడే చోట వేసవిలో 27 ఉన్నప్పుడు ఆర్డరు రాస్తే చాలు, జూన్ నుంచి అక్టోబరు దాకా 90 ఉండగానే రాయాలి. అలమర తలుపుకు రెండు కాగితాలు అంటించండి, ఒకటి ఎండలకు, ఒకటి వానలకు. గడువు తీరే నష్టం తగ్గాలంటే ముందు వచ్చినది కాక, ముందు గడువు తీరేది ముందు వరుసలో ఉండాలి. మూడు నెలల్లో గడువు తీరబోయే వాటిని ప్రతి నెలా మొదటి రోజున ఎర్ర సిరాతో రాసి వైద్యుడి బల్ల మీద పెట్టండి. చాలామంది సరఫరాదారులు గడువుకు ముందే చెబితే మార్చి ఇస్తారు, తీరాక ఇవ్వరు.

పాముకాటు మందుకు ఈ లెక్క పనికిరాదు. నెలకు సగటున రెండు సీసాలు ఖర్చయ్యాయని రెండే ఉంచితే, మీరు రాసిన రాత్రి లాంటిదే మళ్ళీ వస్తుంది. మన దేశంలో తయారయ్యే విరుగుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర, ఈ నాలుగింటి విషానికి పనిచేస్తుంది. మొదటి మోతాదే ఎనిమిది నుంచి పది సీసాలు. పిల్లలకూ పెద్దలకూ మోతాదు ఒకటే, ఎందుకంటే పాము ఎక్కించిన విషం మనిషిని బట్టి మారదు. రక్తం గడ్డకట్టకపోతే మళ్ళీ ఇవ్వవలసి రావచ్చు. కాబట్టి ఒక్క మనిషికి సరిపడా అంటేనే ఇరవై సీసాలు. అంతకు తగ్గనివ్వకండి. ఆ ఇరవైతో పాటు అడ్రినలిన్, నియోస్టిగ్మిన్, అట్రోపిన్, ఊపిరి అందించే అంబూ సంచి, ఒక గాజు పరీక్షనాళిక కలిపి ఒకే పెట్టెలో ఉంచి, వాడిన రోజే మళ్ళీ నింపండి. నాళిక గాజుదే కావాలి, శుభ్రంగా పొడిగా ఉండాలి. ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి రక్తం గడ్డకట్టిందో లేదో చూసే పరీక్షకు ప్లాస్టిక్‌ది పనికిరాదు. రాత్రివేళ ఆ పెట్టె తాళంచెవి ఎవరి దగ్గర ఉందో డ్యూటీ సిస్టర్‌కు తెలిసి ఉండాలి. మందు ఉండీ తాళంచెవి లేక ఆలస్యమైన సందర్భం నాకు తెలుసు. అది తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఫ్రిజ్‌లో ఉండవలసిన ఆక్సిటోసిన్ (కాన్పుల్లో వాడే ఇంజక్షన్), ఇన్సులిన్, టీకాలకు ఉష్ణోగ్రత 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసి రాయండి. కరెంటు పోయినప్పుడు తలుపు తెరవకండి.

ప్రశ్న: బరంపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్‌ని. డాక్టరు గారు పది గంటల రౌండ్స్‌లో డిశ్చార్జి చెబుతారు, రోగి బయటపడేసరికి సాయంత్రం ఐదో ఆరో అవుతుంది. కింద క్యాజువాలిటీలో పడక కోసం వేరేవారు స్ట్రెచర్ మీద ఉంటారు. ఇచ్ఛాపురం, మోహన వైపు వారు మమ్మల్ని తిట్టుకుంటూ వెళతారు. మా వల్ల ఏమవుతుంది?
— ఒక సిస్టర్, బరంపురం

సమాధానం: మీ వల్ల చాలా అవుతుంది సిస్టర్. కొన్నేళ్ళ క్రితం మా అమ్మను ఒక ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకువెళ్ళేందుకు నేనే ఏడు గంటలు మెట్ల మీద కూర్చున్నాను. ఆ ఏడు గంటల్లో ఆమెకు జరిగిన వైద్యం ఏమీ లేదు. కాగితం ఒక బల్ల మీద నుంచి మరో బల్ల మీదకు వెళ్ళేందుకు పట్టిన సమయం అది. బిల్లు, మందుల వాపసు, డిశ్చార్జి సమ్మరీ, బీమా అనుమతి అనే నాలుగు పనులు ఒకదాని తరువాత ఒకటి జరిగాయి. మొదటి మూడూ ఒకేసారి మొదలుకావచ్చు.

రేపు ఎవరు వెళతారో ఈ రోజు సాయంత్రం రౌండ్స్‌లోనే చాలావరకు తెలుస్తుంది. ఆరింటికి ఒక పలక మీద ఆ పడకల నంబర్లు రాసి, బిల్లింగుకు, ఫార్మసీకి, డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేసి చెప్పండి. సమ్మరీ రాత్రి డ్యూటీ డాక్టరు రాసి ఉంచితే, పొద్దున పెద్ద డాక్టరు చదివి, చివరి రెండు పంక్తులు చేర్చి సంతకం చేస్తారు. మిగిలిన మందులు రాత్రే వాపసు పోవాలి. బిల్లు ఆఖరి రోజు మొత్తం కూర్చడం కాకుండా ఏ రోజుకారోజు ఎక్కించాలి. రోజూ ఎంత అయిందో ఇంటివారికి చెప్పడం వల్ల చివర్లో డబ్బు కోసం బంధువుల కోసం వెతుక్కునే ఆలస్యమూ తప్పుతుంది.

బీమా ఉన్నవారి విషయంలో మీ ఆఫీసుకు ఒక నియమం గుర్తు చేయండి. బీమా నియంత్రణ సంస్థ 2024 మే నెలలో ఇచ్చిన ఆదేశం ప్రకారం, నగదు రహిత చికిత్సకు కోరిన అనుమతిపై కంపెనీ గంటలోపు నిర్ణయం చెప్పాలి, డిశ్చార్జికి ఆసుపత్రి పంపిన అభ్యర్థనపై మూడు గంటల్లోపు తుది అనుమతి ఇవ్వాలి. గడియారం మొదలయ్యేది ఆసుపత్రి కాగితాలు పంపినప్పటి నుంచి. మీరు పదకొండింటికి పంపవలసినవి రెండింటికి పంపితే ఆ నియమం ఎవరికీ ఉపయోగపడదు. 2025 ఏప్రిల్‌లో ఒడిశాలో మొదలైన ఆయుష్మాన్ భారత్–గోపబంధు జన ఆరోగ్య యోజన అనే ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డుల విషయంలోనూ, ఫోటోలు, పరీక్షల కాగితాలు ఎక్కించే పని డిశ్చార్జి రోజుకు అట్టిపెట్టవద్దు.

వెళ్ళేటప్పుడు చెప్పే మాటలను మాత్రం తొందరపెట్టకండి. మీ వార్డులో ఒడియా, తెలుగు, సవర మాట్లాడేవారు పక్కపక్క పడకల్లో ఉంటారు. మందు పేరు ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో ఉండనివ్వండి, ఎందుకంటే ఏ ఊరి మందుల షాపులోనైనా అది చదవగలరు. ఎప్పుడు వేసుకోవాలో సూర్యుడి బొమ్మ, చంద్రుడి బొమ్మ వేసి, పక్కన మాత్రల సంఖ్యకు చుక్కలు పెట్టండి. తరువాత రోగినే తన మాటల్లో మళ్ళీ చెప్పమనండి. సవర తెలిసిన ఆయా ఎవరైనా ఉంటే ఆమెను ఆ పది నిమిషాలు పక్కన కూర్చోబెట్టడం ఫినాయిలు తుడవడం కన్నా పెద్ద పని అని మీ మేనేజరుకు నా మాటగా చెప్పండి.

ప్రశ్న: మా క్లినిక్‌లో పాత కేస్ షీట్లు గుట్టలుగా పడి ఉన్నాయి. ఎన్నేళ్ళు ఉంచాలి? శ్రీకాకుళం, విశాఖపట్నం వెళ్ళే రోగులు నకళ్ళు అడిగితే ఇవ్వాలా?
— ఒక రిసెప్షనిస్టు, పర్లాకిమిడి

సమాధానం: ఇవ్వాలి. భారత వైద్య మండలి 2002 నియమావళి ప్రకారం, ఇన్‌పేషెంట్ల రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్ళు భద్రపరచాలి. రోగి గానీ, అతను అధికారమిచ్చిన సహాయకుడు గానీ అడిగితే, అడిగినట్టు రశీదు రాసి 72 గంటల్లోపు అందజేయాలి. గర్భిణుల స్కానింగుకు సంబంధించిన ఫారం ఎఫ్ రెండేళ్ళు ఉంచాలి. పోలీసు కేసు ఉన్నవీ, కోర్టులో నడుస్తున్నవీ అవి తేలేదాకా ముట్టుకోవద్దు. అయితే సరిహద్దు దాటి పెద్దాసుపత్రికి వెళ్ళే మనిషికి 72 గంటల గడువుతో పనిలేదు, అతని అంబులెన్స్ గేటు దగ్గర ఉంది. పంపించే రోగి కోసం ఒక చిన్న కాగితం ముందే అచ్చు వేయించి పెట్టండి. పేరు, వచ్చిన సమయం, చూసిన రక్తపోటు, ఇచ్చిన మందులూ ఇచ్చిన గంటా, పడని మందులు, బ్లడ్ గ్రూపు రాసేందుకు గళ్ళుంటే చాలు. దాన్ని కార్బన్ పెట్టి రాయండి. పైది రోగి చేతికి వెళుతుంది, కిందిది మీ ఫైల్లో ఉంటుంది.